కోచ్ బస్సులో హాల్‌స్టాట్: ఒక్క రోజులో వెళ్లి రావడం ఎలా

వియన్నా నుంచి హాల్‌స్టాట్ దాదాపు 290 కిలోమీటర్లు. కోచ్‌లో పోవడానికి మూడున్నర నుంచి నాలుగు గంటలు, రావడానికి మళ్లీ అంతే. పొద్దున ఏడింటికి ఎక్కితే రాత్రి ఏడెనిమిదింటికి దిగుతారు. ఇంత ప్రయాణం చేసి ఊళ్లో మీరు నడిచేది మహా అయితే మూడు గంటలు. కొన్ని టూర్లలో అది కూడా ఉండదు. టికెట్ డబ్బంతా ఆ మూడు గంటలకే కడుతున్నామని ముందే అనుకోండి. ఎక్కడ ఎక్కాలి, ఏ సీట్లో కూర్చోవాలి, భోజనం ఎక్కడ చేయాలి, దిగగానే ఎటు నడవాలి అన్నవి దాన్నిబట్టి తేల్చుకోవచ్చు.

ఫొటోల్లో మాత్రమే చూసినవాళ్ల కోసం రెండు మాటలు. ఆస్ట్రియాలో సాల్జ్‌కామర్‌గుట్ అనే సరస్సుల ప్రాంతం ఉంది. అందులో ఒక సరస్సుకి పడమటి ఒడ్డున, నీటికీ నిటారు కొండకీ మధ్య ఇరుక్కుని ఉన్న పల్లె హాల్‌స్టాట్. జనాభా ఎనిమిది వందల లోపే. 1997లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. రద్దీ రోజుల్లో ఒక్క రోజే పది వేల మంది దాకా వస్తారు. వేసవంతా జాతర నడిచే పల్లె అనుకుంటే సరిపోతుంది. ప్రశాంతమైన ఆల్ప్స్ పల్లెని చూస్తామని వెళ్తే మధ్యాహ్నం పన్నెండింటికి నిరాశే మిగులుతుంది. జనం ఉంటారని తెలిసి వెళ్తే మాత్రం ఆ జనాన్ని తప్పించుకునే దారులు చాలానే ఉన్నాయి.

ముందు తేల్చుకోవాల్సింది: బస్సు ఏ ఊళ్లో ఎక్కుతారు?

హైదరాబాద్ నుంచి వచ్చి వియన్నాలో దిగిన చాలామంది అక్కడి నుంచే టూర్ బుక్ చేసేస్తారు. మీ ప్రయాణంలో సాల్జ్‌బర్గ్‌లో ఒక్క రాత్రి బస ఉన్నా ఆ పని చేయకండి. సాల్జ్‌బర్గ్ నుంచి హాల్‌స్టాట్ 75 కిలోమీటర్లే, బస్సులో గంటా పావు, గంటన్నర. పొద్దున బయల్దేరితే పూట టూర్‌లో మధ్యాహ్నం దాటగానే తిరిగి వచ్చేయవచ్చు. పెద్దవాళ్లూ చిన్నపిల్లలూ వెంట ఉంటే నా ఓటు సాల్జ్‌బర్గ్‌కే. మీరున్నది వియన్నాలోనే అయి, హోటల్ మార్చే ఓపిక లేకపోతే, అప్పుడు వియన్నా కోచ్ నయమే. పెట్టెలు మోయక్కర్లేదు, రైళ్లు మారక్కర్లేదు, తిరుగు దారిలో హాయిగా నిద్రపోవచ్చు.

మ్యూనిక్ చుట్టుపక్కల ఉద్యోగాలు చేస్తున్న తెలుగువాళ్లు, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని అక్కడి నుంచే పంపుతుంటారు. దూరం పరవాలేదు కానీ మధ్యలో దేశం మారుతుంది. జర్మనీ, ఆస్ట్రియా రెండూ ఒకే వీసాతో తిరిగే షెంగెన్ దేశాలే కదా అని పాస్‌పోర్టులు ఇంట్లో పెట్టి వెళ్లొద్దు. 2015 నుంచి ఆస్ట్రియా వైపు నుంచి వచ్చే బండ్లని జర్మనీ పోలీసులు సరిహద్దులో తనిఖీ చేస్తున్నారు. సాల్జ్‌బర్గ్ పక్కన వాల్సర్‌బెర్గ్ దగ్గర బస్సు ఆపి, లోపలికి వచ్చి కాగితాలు అడగవచ్చు. మీకు రెసిడెన్స్ పర్మిట్ ఉంటే దాన్నీ, అమ్మానాన్నలకి వీసా ఉన్న అసలు పాస్‌పోర్టునీ దగ్గర పెట్టుకోండి. ఫోన్‌లో ఉన్న ఫొటో చూపించి ఒప్పించొచ్చు అనుకోకండి. వేసవి శని, ఆదివారాల సాయంత్రాలు అక్కడ ట్రాఫిక్ కూడా బాగా ఆగిపోతుంది కాబట్టి మ్యూనిక్‌లో ఆ రాత్రికి వేరే పని పెట్టుకోవద్దు.

టూర్ వివరాలు చదవాల్సిన తీరు

ఫొటోలు వదిలేయండి, అన్ని టూర్లకీ అవే ఫొటోలు. రేటింగ్ చూడటం కూడా తర్వాత. మొదట వెతకాల్సింది ఒకే ఒక్క లైను: హాల్‌స్టాట్‌లో ఎంతసేపు ఆపుతారు? ఆ సమయం స్పష్టంగా రాయని టూర్ అయితే మెసేజ్ పెట్టి అడగండి. జవాబు తేలకపోతే దాన్ని వదిలేయడమే మంచిది.

ఆ సమయంలో రెండు భాగాలు ఉంటాయి. గైడ్ వెంట నడిచేది ఒకటి, మీ ఇష్టానికి వదిలేసేది ఇంకొకటి. మూడు గంటల్లో అరగంట, ముప్పావు గంట గైడ్ నడక పోతే మిగతాది మీది. ఈ లెక్క బాగానే ఉంటుంది. వియన్నా నుంచి ఒకే రోజులో హాల్‌స్టాట్, సాల్జ్‌బర్గ్, మధ్యలో మెల్క్ మఠం కూడా చూపిస్తామనే టూర్లు ఉన్నాయి. చదవడానికి డబ్బుకి తగ్గ సరుకు అనిపిస్తుంది. అసలు జరిగేది ఏమిటంటే మూడు చోట్లా పార్కింగ్ నుంచి చౌరస్తా దాకా నడిచి, బాత్రూమ్ క్యూలో నిలబడి, తిరిగి బస్సెక్కడం. దారిలో ఒక సరస్సు దగ్గర ఇరవై నిమిషాలు ఆపితే మంచిదే. ఇంకో ఊరు మొత్తం కలిపితే మాత్రం వద్దు.

తర్వాత చూడాల్సింది టికెట్‌లో ఏమేం కలిసి ఉన్నాయన్నది. పడవ షికారు, కొండ మీదకి వెళ్లే రైలు, భోజనం అనేవి పేజీలో ఫొటోలతో కనిపించినా, కింద చిన్న అక్షరాల్లో 'విడిగా చెల్లించాలి' అని ఉండొచ్చు. గైడ్ మాట్లాడే భాష కూడా చూసుకోండి. రెండు భాషల టూర్‌లో ప్రతి ముక్కా రెండుసార్లు చెబుతారు, నడక సమయం అందులోనే కరిగిపోతుంది.

ఇంకో సంగతి. 2020 నుంచి హాల్‌స్టాట్‌లో టూరిస్టు కోచ్‌లకి స్లాట్ పద్ధతి పెట్టారు. ఏ బస్సు ఏ గంటకి వస్తుందో ముందే బుక్ చేసుకోవాలి, ఇష్టం వచ్చినప్పుడు వచ్చి దించేసి పోవడం కుదరదు. పది నిమిషాలు ఫొటోలు తీయించి వెళ్లిపోయే బస్సుల్ని తగ్గించడానికి కనీసం ఇంతసేపు ఉండాలని కూడా నియమం పెట్టారు. బయల్దేరే చోట ఒకరిద్దరు ఆలస్యమైనా గైడ్ అంత కంగారు పడటానికి ఇదే కారణం, దాటిపోతున్నది వాళ్ల స్లాట్. మీకు వీలున్నంతలో తొందరగా చేరుకునే స్లాట్ ఉన్న టూర్‌నే ఎంచుకోండి. పదింటికి దిగే బస్సుకీ పన్నెండింటికి దిగే బస్సుకీ చాలా తేడా ఉంటుంది.

ఏ రోజు వెళ్లాలి

మే, సెప్టెంబర్ నెలల్లో వారం మధ్య రోజులు బాగుంటాయి. జూలై, ఆగస్టుల్లో జనం విపరీతం. డిసెంబర్‌లో మంచు ఫొటోలు చూసి ఆశపడతాం కానీ, ఊరు పడమటి కొండ కిందే ఉంది కాబట్టి శీతాకాలంలో మధ్యాహ్నానికే నీడ పడిపోతుంది. మంచు కురిసి ఉంటుందన్న భరోసా కూడా లేదు.

ఈస్టర్ తర్వాత అరవై రోజులకి వచ్చే గురువారం కార్పస్ క్రిస్టీ పండుగ. ఆ రోజు హాల్‌స్టాట్‌లో ఊరేగింపు నీళ్ల మీద, పూలతో అలంకరించిన పడవల్లో జరుగుతుంది. మన తెప్పోత్సవాలు చూసినవాళ్లకి ఆ దృశ్యం బాగా నచ్చుతుంది. అది కావాలనుకుంటే ఆ ముందు రాత్రి అక్కడే బస చేసి చూడాలి. కోచ్‌లో ఒక్క రోజు కోసం వెళ్లేవాళ్లు ఆ తేదీ మానుకోవడమే మేలు.

వాన గురించి మరీ టెన్షన్ పడకండి, ఆ ప్రాంతంలో వేసవిలోనూ వాన మామూలే. ముందు రోజు దాకా ఉచితంగా క్యాన్సిల్ చేసుకునే టికెట్ అయితే రెండు రోజుల ముందు వాతావరణం చూసి తేదీ మార్చుకోవచ్చు. ఆ సౌకర్యం కోసం కొంచెం ఎక్కువ పెట్టినా తప్పు లేదు.

ముందు రోజు సాయంత్రం

భోజనం సంగతి ఇక్కడే తేల్చుకోవాలి. మధ్యాహ్నం హాల్‌స్టాట్ హోటళ్లలో టేబుల్ దొరికి, ఆర్డర్ వచ్చి, బిల్లు కట్టేసరికి గంట పైనే పట్టవచ్చు. మీ మూడు గంటల్లో మూడో వంతు అక్కడే పోతుంది. అందుకే సద్ది కట్టుకోండి. పులిహోర, చపాతీ రోల్స్, ఉడికించిన గుడ్లు, అరటిపళ్లు, ఏవైనా సరే. రెండు జాగ్రత్తలు మాత్రం తప్పవు. నడుస్తున్న బస్సులో భోజనం విప్పడానికి సాధారణంగా ఒప్పుకోరు, ఒప్పుకున్నా ఇంగువ తాలింపు వాసన నలభై మంది మధ్య బాగోదు. ఆవకాయ సీసా అసలే వద్దు. మూత ఎంత బిగించినా నూనె కారుతుంది, బ్యాగు పాడవుతుంది, సీటూ పాడవుతుంది.

మీది ఆదివారం టూర్ అయితే బ్రెడ్, పళ్లు, పెరుగు శనివారమే కొనిపెట్టుకోండి. ఆస్ట్రియాలో ఆదివారాలు సూపర్ మార్కెట్లు దాదాపు అన్నీ మూసేస్తారు, పెద్ద రైల్వే స్టేషన్లలో ఉన్నవి మినహా. నీళ్ల సీసా ఖాళీది చాలు, కుళాయి నీళ్లు నిస్సందేహంగా తాగవచ్చు.

హోటల్‌లో తినాల్సి వస్తే, శాకాహారులు 'వెజ్' అని ఒక్క మాట చెప్పి ఊరుకోవద్దు. సూప్ మాంసం ఉడికించిన నీళ్లతో చేసి ఉండొచ్చు, బంగాళదుంపల్లో 'స్పెక్', అంటే సన్నగా తరిగిన పంది మాంసం పడి ఉండొచ్చు. 'ఓనే ఫ్లైష్, ఓనే స్పెక్' అనండి. మాంసం లేకుండా, స్పెక్ లేకుండా అని. చీజ్‌తో చేసే కాస్‌నోకెన్ కడుపు నింపుతుంది. కైజర్‌ష్మార్న్ అనే తీపి అట్టు ముక్కలు పిల్లలకి బాగా నచ్చుతాయి, కాకపోతే అందులో గుడ్డు ఉంటుంది. చేపలు తినేవాళ్లు ఆ సరస్సులో పట్టే రైనాంకె ఉందేమో అడగండి.

బట్టలు పొరలుగా వేసుకోండి. పెద్దవాళ్లు 'ఆల్ప్స్ అంటున్నారు, ఊపిరి ఆడుతుందా' అని భయపడుతుంటే ఈ లెక్క చెప్పండి: హాల్‌స్టాట్ సరస్సు సముద్రమట్టానికి 508 మీటర్ల ఎత్తులో ఉంది, హైదరాబాద్ సుమారు 540 మీటర్ల ఎత్తులో. అంటే మన నగరం కన్నా కాస్త దిగువే! ఎత్తుతో ఏ ఇబ్బందీ రాదు. చలి మాత్రం ఉంటుంది, జూన్‌లో కూడా వాన పడితే స్వెటర్ కావాల్సిందే. గొడుగు కన్నా టోపీ ఉన్న వాన కోటు మంచిది. ఆ సన్నటి వీధుల్లో గొడుగులు ఒకదానికొకటి తగులుతూ ఉంటాయి. చెప్పులు కాదు, బూట్లు వేసుకోండి. రాతి బాటలు తడిస్తే జారతాయి.

బాత్రూమ్‌ల కోసం యాభై సెంట్లు, ఒక యూరో నాణేలు కొన్ని జేబులో వేసుకోండి. టికెట్, ఎక్కే చోటు మ్యాపు, గైడ్ ఫోన్ నంబర్ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. వీలైతే ఆ సాయంత్రమే ఎక్కే చోటికి ఒకసారి నడిచి చూసి రండి. 'ఒపెరా దగ్గర' అని రాసి ఉంటుంది, ఆ ఒపెరా భవనానికేమో నాలుగు వైపులా నాలుగు వీధులు. పొద్దున్నే వాటి చుట్టూ పరుగులు పెట్టే బాధ తప్పుతుంది.

బస్సులో

ఇరవై నిమిషాలు ముందు వెళ్లండి. సీటు నంబర్లు లేని బస్సయితే ఎడమ వైపు కిటికీ పట్టుకోండి, అంటే డ్రైవర్ వెనక వరస. అక్కడ బండ్లు కుడి వైపు నడుస్తాయి, డ్రైవర్ ఎడమన కూర్చుంటాడు. వియన్నా నుంచి వచ్చే కోచ్ హైవే దిగి గ్ముండెన్ మీదుగా వెళ్తే ట్రౌన్‌జే సరస్సు పడమటి ఒడ్డునే దక్షిణంగా సాగుతుంది, నీళ్లు ఎడమన ఉంటాయి. సాల్జ్‌బర్గ్ నుంచి వచ్చేటప్పుడు వోల్ఫ్‌గాంగ్‌జే సరస్సుకి దక్షిణపు ఒడ్డున తూర్పుకి వెళ్తారు, అక్కడా నీళ్లు ఎడమనే. చివర్న హాల్‌స్టాట్ సరస్సు కూడా ఎడమనే వస్తుంది. తిరుగు ప్రయాణంలో అదంతా కుడి వైపుకి మారుతుంది. మలుపులకి వాంతులయ్యేవాళ్లు మాత్రం వైపుల సంగతి మరిచిపోయి ముందు మూడు వరసల్లోనే కూర్చోవాలి. మాత్ర వేసుకునే అలవాటుంటే బయల్దేరడానికి ముందే వేసుకోండి, మలుపులు మొదలయ్యాక వేసుకుంటే లాభం లేదు. సీటు బెల్టు కోచ్‌లోనూ తప్పనిసరి.

బస్సు హైవే పక్కన ఆగినప్పుడు అందరూ దిగి బాత్రూమ్‌కి వెళ్లి రండి. బస్సులో బాత్రూమ్ ఉందన్న ధైర్యంతో కూర్చోవద్దు, చాలా బస్సుల్లో అది అత్యవసరానికే తెరుస్తారు. ఆ విరామం గైడ్ దయతో ఇచ్చింది కాదు. యూరప్ నియమాల ప్రకారం డ్రైవర్ నాలుగున్నర గంటలు నడిపితే మొత్తం నలభై ఐదు నిమిషాలు విశ్రాంతి తీసుకోవాలి. రోజుకి తొమ్మిది గంటలకి మించి నడపకూడదు. వారానికి రెండు రోజులు మాత్రం పది గంటల దాకా వెసులుబాటు ఉంది. అంతా యంత్రంలో నమోదవుతుంది. వియన్నా టూర్‌లో రానూ పోనూ ఏడెనిమిది గంటలు డ్రైవింగే. మీరు అరగంట ఆలస్యం చేస్తే దాన్ని సర్దే చోటు డ్రైవర్ దగ్గర దాదాపు ఉండదు. 'పది నిమిషాలే కదా, ఆగుతారులే' అనే మన ధీమా ఇక్కడ చెల్లదు.

బాడ్ ఇషల్ దగ్గర నుంచి గైడ్ ఉప్పు కథ మొదలుపెడతారు, అప్పుడు ఇయర్‌ఫోన్లు తీసేయండి. హాల్‌స్టాట్ కొండలో ఏడు వేల ఏళ్లుగా ఉప్పు తీస్తున్నారు. ఆ గనిలో దొరికిన ఒక చెక్క నిచ్చెనమెట్ల కలప క్రీస్తుపూర్వం 1344 నాటిదని తేల్చారు. అక్కడి సమాధుల్ని 1846 నుంచి తవ్వగా బయటపడిన వస్తువుల వల్లనే యూరప్ తొలి ఇనుప యుగానికి ఈ పల్లె పేరు పెట్టారు. ఇంకొకటి, 1595లో మొదలుపెట్టి 1607కల్లా, హాల్‌స్టాట్ నుంచి ట్రౌన్‌జే ఒడ్డున ఉన్న ఎబెన్‌జే దాకా నలభై కిలోమీటర్లు ఉప్పునీటి గొట్టం వేశారు. గొట్టం అంటే ఇనుముది కాదు, పదమూడు వేల చెట్ల మొద్దుల్ని తొలిచి ఒకదానికొకటి తగిలించారు. చుట్టూ అడవి తరిగిపోయి ఉప్పు కాచడానికి కలప చాలక, కలప ఉన్న చోటికే ఉప్పునీటిని పంపించారు! వియన్నా బస్సు వెళ్లే దారి చాలా భాగం ఆ లోయలోదే.

ఊళ్లో మూడు గంటలు

ఊరు కనిపిస్తుందని కెమెరా పట్టుకుని కూర్చుంటారు, బస్సేమో కొండలోని సొరంగంలోకి దూరి, అవతల లాన్ అనే చోట తేలుతుంది. అది ఊరికి దక్షిణపు కొస. కోచ్‌ల స్టాండు అక్కడే. దిగగానే చేయాల్సినవి: బస్సు నంబరు ప్లేటు ఫొటో తీయండి, తిరిగి కలిసే చోటు ఫొటో తీయండి, సమయం గైడ్‌ని రెండోసారి అడిగి ఫోన్‌లో అరగంట ముందుకి అలారం పెట్టండి. ఒకే రంగు కోచ్‌లు పక్కపక్కన పది నిలబడతాయి.

లాన్ నుంచి సరస్సు పక్కనే నడిస్తే పది, పదిహేను నిమిషాల్లో మార్కెట్ చౌక్. గైడ్ నడక చాలావరకు అక్కడిదాకే. గుంపు విడిపోగానే అందరూ చేసేది ఒకటే. చౌక్‌లో ఆగుతారు, ఫొటోలు తీస్తారు, కాఫీ కొంటారు, ఉప్పు దుకాణాల్లో దూరతారు. మీరు అక్కడ ఆగకండి. నేరుగా ఉత్తరానికి, సన్నటి వీధిలో ఇంకో ఆరేడు నిమిషాలు నడవండి. ప్రపంచమంతా చూసిన ఆ ఫొటో, సూది లాంటి చర్చి గోపురం, వెనక కొండ, ముందు నీళ్లు, తీసేది ఆ కొస నుంచే. ఊరు పడమటి ఒడ్డున ఉంది కాబట్టి ఉదయపు ఎండ ఇళ్ల ముఖాల మీద పడుతుంది. మధ్యాహ్నం గడిచేకొద్దీ కొండ నీడ వచ్చేస్తుంది. అందుకని మొదట దూరపు కొసకి వెళ్లి, తాపీగా వెనక్కి నడుస్తూ బస్సు వైపు రావాలి. ఇలా చేస్తే చివరి గంటలో మీ నడకంతా బస్సు దిక్కుకే ఉంటుంది, ఆదుర్దా ఉండదు.

ఆ కొసన మీరు ఫొటో తీసుకునే గోడ వెనక ఇళ్లున్నాయి, వాటిలో మనుషులు కాపురం ఉంటున్నారు. 2023లో ఊరివాళ్లు విసిగిపోయి అక్కడ చెక్క కంచె కట్టేశారు. బయట గోల కావడంతో మళ్లీ తీసేశారు. అదే ఏడాది ఆగస్టులో పర్యాటకుల తాకిడిని తగ్గించమని దారికి అడ్డంగా నిలబడ్డారు కూడా. కాబట్టి రెండు ఫొటోలు తీసుకుని పక్కకి జరగండి. వీడియో కాల్ పెట్టి ఊరందరికీ గట్టిగా చూపించడం, డ్రోన్ ఎగరేయడం, తెరిచి ఉన్న గేటు కదా అని లోపలికి వెళ్లి మెట్ల మీద కూర్చోవడం, ఇవేవీ వద్దు.

తిరిగి వచ్చేటప్పుడు కింద వీధి వదిలి పైకి, కేథలిక్ చర్చికి వెళ్లే మెట్లు ఎక్కండి. కోచ్ జనంలో సగం మంది ఈ మెట్లు చూసే ఆగిపోతారు. పైన చర్చి, చుట్టూ చిన్న తోటల్లాంటి సమాధులు, కింద ఇళ్ల కప్పులు, అవతల సరస్సు. చర్చి వెనక సెయింట్ మైకేల్ చాపెల్ కింద ఎముకల గది ఉంది. చిన్న టికెట్ ఉంటుంది, చలికాలంలో మూసేస్తారు. లోపల పన్నెండు వందల పైచిలుకు పుర్రెలు వరసగా పేర్చి ఉంటాయి. వాటిలో ఆరు వందల పైన పుర్రెల మీద రంగులతో ఆకుల దండలు, పూలు, పోయినవాళ్ల పేర్లు రాసి ఉంటాయి. కొండకీ నీటికీ మధ్య శ్మశానానికి చోటు చాలేది కాదు. కొన్నేళ్ల తర్వాత సమాధి తెరిచి, పుర్రెని ఎండకి తెల్లబరిచి, ఇంటివాళ్లు రంగు వేయించి ఇక్కడ పెట్టేవారు, సమాధి ఇంకొకరికి ఇచ్చేవారు. దగ్గరికి వెళ్లి ఒక్క పుర్రె నుదురు చూడండి. పచ్చటి ఐవీ తీగ, మధ్యలో పేరు. భయపెట్టడానికి కాదు, గుర్తుంచుకోవడానికి వేసినవని తెలిసిపోతుంది. చివరిది 1995లో చేరింది, అంటే ఇదేదో మధ్యయుగపు వింత కాదు. చిన్నపిల్లల్ని తీసుకెళ్లాలా వద్దా అన్నది మీ ఇష్టం. లోపల గొంతు తగ్గించండి చాలు.

భోజనానికి లాన్ వైపు వచ్చేయండి. అక్కడ సరస్సు ఒడ్డున స్నానాల చోటు, గడ్డి, బెంచీలు ఉన్నాయి. చౌక్‌లో కన్నా జనం తక్కువ, బస్సు దగ్గరే. డబ్బాలు అక్కడ విప్పితే ఎవరికీ ఇబ్బంది లేదు. హంసలు నేరుగా మీ దగ్గరికే వస్తాయి, వాటికి అన్నం మెతుకులు వేయొద్దు. చెత్త డబ్బా నిండి ఉంటే మూట కట్టి బస్సు దాకా తీసుకెళ్లండి.

ఇక కొండ మీది స్కైవాక్ గురించి అందరూ అడుగుతారు. ఊరి కప్పుల నుంచి 350 మీటర్ల ఎత్తున గాల్లోకి పొడుచుకొచ్చినట్టుండే వేదిక అది. కింది నుంచి కొండ రైలు ఎక్కాలి, పైన కొంత నడవాలి. రైలు స్టేషన్ లాన్‌లోనే, కోచ్‌లు ఆగే చోటికి దగ్గర. మీ చేతిలో మూడు గంటలు పూర్తిగా ఉండి, క్యూ చిన్నదిగా కనిపిస్తేనే ఎక్కండి. పైకెక్కితే ఊరు సగమే చూస్తారు, ఆ సంగతి ఇంట్లోవాళ్లతో ముందే మాట్లాడుకోండి. కొన్ని నెలలు ఆ రైలు నడవదు, మరమ్మతులు కూడా పెడతారు. వెళ్లే వారంలోనే చూసుకోవాలి. ఉప్పు గని మాత్రం ఈ ట్రిప్‌లో వదిలేయండి. దానికి ఒక్కదానికే మూడు గంటలు కావాలి, లోపల ఏడాది పొడవునా ఎనిమిది డిగ్రీల చలి, నాలుగేళ్ల లోపు పిల్లల్ని రానివ్వరు.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి చర్చి మెట్లు వద్దు. కింద సరస్సు బాట దాదాపు సమతలంగానే ఉంటుంది. వాళ్లని చౌక్ దాకా నడిపించి, పడవ షికారు ఎక్కించండి. నీళ్ల మీద నుంచి ఊరు మొత్తం ఒక్కసారే కనిపిస్తుంది, నడవకుండానే.

వాన గట్టిగా పడితే మ్యూజియంలోకి వెళ్లండి. దాని దగ్గర్లోనే ఒక స్పోర్ట్స్ దుకాణం ఉంది. దాని నేలమాళిగ తవ్వుతుండగా పురాతన కట్టడాలు బయటపడితే వాటిని అలాగే ఉంచి జనానికి చూపిస్తున్నారు.

తిరుగు ప్రయాణం, ఒకవేళ బస్సు తప్పితే

చౌక్ నుంచి బస్సు దాకా మీకు పన్నెండు నిమిషాలు పడితే, తిరిగి రావడానికి పాతిక నిమిషాలు ఉంచుకోండి. వీధి నిండా జనం, చివర్లో బాత్రూమ్ క్యూ. ఉప్పు పొట్లాలు, అయస్కాంతాలు కొనేది ఉంటే లాన్ వైపు దుకాణాల్లో చివరి పది నిమిషాల్లో చూసుకోవచ్చు.

బస్సు వెళ్లిపోతే ముందు గైడ్‌కి ఫోన్ చేయండి. వాళ్లు వెనక్కి రాలేరు కానీ దారి చెబుతారు. రైల్వే స్టేషన్ సరస్సుకి అవతలి ఒడ్డున ఉంది. ఊరి మధ్యలో ఉన్న రేవు నుంచి, రైళ్ల సమయానికి తగ్గట్టు చిన్న పడవ నడుస్తుంది. రైలెక్కి ఆట్నాంగ్-పుక్‌హైమ్‌లో దిగితే అక్కడ వియన్నా వైపు, సాల్జ్‌బర్గ్ వైపు రెండు దిక్కులకీ పెద్ద లైను రైళ్లుంటాయి. ఆ పడవ సాయంత్రం త్వరగానే ఆగిపోతుంది కాబట్టి 'ఇంకాసేపు ఫొటోలు తీసుకుని వెళ్దాం' అనుకోకుండా ముందు రేవుకి నడవండి. ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోతే 112.

బస్సులోకి వచ్చాక గైడ్ తలలు లెక్కపెడతారు, అప్పుడు సీట్లు మారకండి. ఊళ్లోకి వచ్చాక మీ హోటల్‌కి దగ్గర్లో దించమని అడగాలనుకుంటే చివరి విరామంలోనే అడగండి, కొందరు డ్రైవర్లు దారిలో ఉన్న మెట్రో స్టేషన్ దగ్గర ఆపుతారు. గైడ్ బాగా చూసుకుంటే దిగేటప్పుడు గైడ్‌కీ డ్రైవర్‌కీ తలా కొన్ని యూరోలు ఇవ్వడం ఆనవాయితీ, బలవంతం లేదు. దిగే ముందు సీటు వెనక జాలీలో చేయి పెట్టి చూసుకోండి. ఛార్జర్లు, కళ్లజోళ్లు, ఖాళీ టిఫిన్ డబ్బాలు ఎక్కువగా అక్కడే మిగిలిపోతాయి.